ల్యాప్‌టాప్ మనదే, దాని గుట్టు ఎవరి దగ్గర?

సల్వాలో మా బిల్డింగు లిఫ్టులో కలిసినా, జమియాలో కూరగాయల దగ్గర కలిసినా ఈ మధ్య మన తెలుగు ఆడవాళ్ళు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మా ల్యాప్‌టాప్ శుభ్రంగా పనిచేస్తోంది. అయినా కొత్తది కొనాల్సిందేనా?"

ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది, అంతే. పోనీ విండోస్ 11కి మారదామంటే, 2017కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లని అది దాదాపుగా ఒప్పుకోదు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కరోనా రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవన్నీ ఈ దెబ్బకి బల్ల మీద నుంచి అటక మీదకి వెళ్ళిపోతున్నాయి.

నేను ఫ్యామిలీ వీసా మీద కువైట్ రాకముందు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసేదాన్ని. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. తెలిసినవాళ్ళ పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసి ఇస్తుంటాను. లినక్స్‌కి డబ్బు కట్టక్కర్లేదు, పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది, తెలుగు చక్కగా చూపిస్తుంది. అయితే ఎవరు ల్యాప్‌టాప్ తెచ్చినా నేను ముందు అడిగేది ఎప్పుడు కొన్నారనో, ఎంత పెట్టి కొన్నారనో కాదు. "ఇందులో గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీది?" అని.

ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే. సాంకేతిక విషయమని దాటేయకండి. ఇది మన డబ్బు సంగతి, మనం కొన్న వస్తువు మీద మనకున్న హక్కు సంగతి.

డ్రైవర్ అంటే దుబాసీ

తెర మీద బొమ్మ గీసే చిప్పునే గ్రాఫిక్స్ కార్డు అంటాం. దాని భాష దానిది. విండోస్ అయినా, లినక్స్ అయినా ఆ భాష నేరుగా మాట్లాడలేవు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్. దుబాసీ విలువ గల్ఫ్‌లో ఉన్న మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అరబిక్ రాని కొత్తలో ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో చెప్పాలన్నా పక్కన ఒకరు ఉండాల్సి వచ్చేది కదా!

ఈ దుబాసీల్లో రెండు రకాలు. మొదటి రకం తన దగ్గరున్న పదాల పట్టిక అందరికీ చూపిస్తాడు. రేపు అతను లేకపోయినా, ఆ పట్టిక చూసి ఇంకొకరు పని అందుకోవచ్చు. ఇది ఓపెన్ సోర్స్ డ్రైవర్. రెండో రకం పని బాగానే చేస్తాడు కానీ, పట్టిక మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడు. అతను మానేసిన రోజున మనకి మాట పడిపోయినట్టే. ఇది ప్రొప్రైటరీ డ్రైవర్, అంటే కంపెనీ తన సొంతం చేసుకుని మూసి ఉంచినది.

లినక్స్‌లో ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. రెండు నెలలు దాటేసరికి ఒక కొత్త కెర్నల్ వస్తుంది. ఓపెన్ డ్రైవర్లు ఆ కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి కాబట్టి, లోపల ఏర్పాట్లు మార్చినవాళ్ళే వాటినీ సరిచేస్తారు. మూసిన డ్రైవర్ గుమ్మం బయట ఉంటుంది. దాన్ని సరిచేయగలిగేది కంపెనీ ఒక్కటే. "ఈ కార్డు పాతదైపోయింది, ఇక చూడం" అని కంపెనీ అనేస్తే, కార్డు చెడిపోకపోయినా దాని ఆయుష్షు తీరినట్టే. అప్‌డేట్ చేసిన మర్నాడు నల్లటి తెర ఎదురైందని లినక్స్ వాడేవాళ్ళు చెప్పుకునే కథల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

మన ఫాంట్ల కష్టం గుర్తుందా?

ఇదంతా కొత్తగా అనిపించవచ్చు. కానీ ఇరవై ఏళ్ళ కింద విదేశాల్లో ఉండి ఇంటర్నెట్‌లో తెలుగు పేపరు చదివినవాళ్ళు ఇలాంటి గోడనే చూశారు. యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాని రోజులవి. ఈనాడుకి ఒక ఫాంటు, వార్తకి ఇంకొకటి. ఆ ఫాంటు మన కంప్యూటర్‌లో లేకపోతే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించేవి. ఒక వార్త కాపీ చేసి అమ్మకి ఈమెయిల్ పెడితే అటువైపు అర్థంకాని గీతలు వెళ్ళేవి. భాష మనది, వార్త మన ఊరిది, కానీ ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పట్టిక మాత్రం ఫాంటు చేసినవాళ్ళ దగ్గరే ఉండేది.

అప్పుడు వెన్న నాగార్జున గారు "పద్మ" అనే పొడిగింతని రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి దాన్ని తగిలిస్తే, ఆయా పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న రాతని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఏ సంకేతం వెనక ఏ అక్షరం దాగుందో ఫాంటు ఫాంటుకీ విడిగా తెలుసుకుని చేసిన పని అది. దాన్ని కూడా స్వేచ్ఛా లైసెన్సుతోనే అందరికీ ఇచ్చారు. మరోవైపు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు కూడా అలాంటి లైసెన్సుతోనే వచ్చి, డెబియన్ లాంటి లినక్స్ పంపిణీల్లో చేరాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకి పరిచయం చేయడానికి పనిచేస్తూ వచ్చింది. ఈరోజు లినక్స్ వేసిన వెంటనే తెలుగు కనిపిస్తోందంటే ఇలాంటివాళ్ళ చలవే.

గ్రాఫిక్స్ కార్డుల సంగతి కూడా ఇదే కథ. కాకపోతే గోడ ఇంకా ఎత్తు, డబ్బు ఇంకా ఎక్కువ.

ఇరుక్కున్న కాగితంతో మొదలు

అసలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే ఆలోచనకి బీజం పడిందే ఒక డ్రైవర్ లాంటి తగాదాలో. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. దాంట్లో తరచూ కాగితం ఇరుక్కుపోయేది. అంతకుముందు వాడిన ప్రింటర్‌కైతే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ మార్చి, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు వెళ్ళేలా చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న ఇంకో విశ్వవిద్యాలయం వ్యక్తిని అడిగితే, ఎవరికీ చూపనని ఒప్పందం మీద సంతకం పెట్టానన్నాడు. 1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి ఆ అనుభవం కూడా ఒక కారణం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ మొదలుపెట్టి, మరుసటి ఏడాది గ్నూ లైసెన్సు కిందకి తెచ్చాడు.

రెండు కంపెనీలు, రెండు దారులు

ఇంటెల్ చాలా ఏళ్ళుగా తన గ్రాఫిక్స్‌కి లినక్స్‌లో ఓపెన్ డ్రైవర్లే ఇస్తోంది. ఏఎండీ కంపెనీ 2006లో ఏటీఐని కొన్నాక, 2007 సెప్టెంబరులో తన కార్డుల సాంకేతిక పత్రాలు బయటపెడతానని ప్రకటించింది. 2015లో కొత్త ఓపెన్ డ్రైవర్ కెర్నల్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే, సాధారణంగా డ్రైవర్ కోసం విడిగా వెతుక్కునే పని ఉండదు.

ఎన్విడియా దారి వేరు. లినక్స్‌కి ఆ కంపెనీ ఏళ్ళ తరబడి డ్రైవర్లు ఇచ్చింది, అవి వేగంగా పనిచేస్తాయి కూడా. కానీ మూసి ఇచ్చింది. ఇలా మూసి ఉంచే కంపెనీలు సాధారణంగా చెప్పే కారణాలు మూడు. గుట్టు బయటపడితే పోటీదారు లాభపడతాడు, లోపల వేరేవాళ్ళ దగ్గర లైసెన్సుకి తీసుకున్న కోడ్ ఉంటుంది, బయటపెడితే ఎవరో ఒకరు పేటెంటు దావా వేస్తారు. ఈ మూసివేత మీద 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో టోర్వాల్డ్స్ అందరి ముందూ కెమెరాకి వేలు చూపించి మరీ తిట్టాడు.

కోపం తెచ్చుకోకుండా పని మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. నూవో అనే ప్రాజెక్టు వాళ్ళది. ఫ్రెంచిలో ఆ మాటకి కొత్తది అని అర్థం. కొలతలు చెప్పని అత్తగారి వంట కొత్త కోడలు ఎలా నేర్చుకుంటుంది? పక్కన నిలబడి, ఏ గిన్నెలో ఎన్ని పిడికిళ్ళు వేస్తోందో గమనిస్తుంది. వీళ్ళూ అంతే. మూసిన డ్రైవర్ నడుస్తున్నప్పుడు అది కార్డుకి ఏయే ఆదేశాలు పంపుతోందో గమనించి రాసుకున్నారు. దాన్నిబట్టి సొంత డ్రైవర్ రాశారు. 2010లో అది లినక్స్ కెర్నల్‌లో చేరింది.

2014లో ఇంకో అడ్డు వచ్చింది. జీటీఎక్స్ 900 తరం నుంచి కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాముకి కంపెనీ డిజిటల్ సంతకం ఉండాలన్నారు. మన భాషలో చెప్పాలంటే, అకామా ముద్ర లేనిదే లోపలికి రానివ్వరు. ఆ ముద్ర బయటివాళ్ళు వేయలేరు కాబట్టి, ఆ తరం కార్డుల వేగాన్ని నూవో పెంచలేకపోయింది. బొమ్మ వస్తుంది, కానీ కార్డు నత్తనడకన నడుస్తుంది.

2022 మేలో ఎన్విడియా ఒక మెట్టు దిగింది. కెర్నల్‌లో కూర్చునే డ్రైవర్ భాగాన్ని ఓపెన్ సోర్స్ చేసింది. అయితే అది 2018 నాటి ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. పైన ఉండే పెద్ద భాగం ఇంకా మూసే ఉంది. మరి 900, 1000 సిరీస్‌ల సంగతేమిటి? వాటికి 580 వరుస డ్రైవరే ఆఖరిదని కంపెనీ 2025లో చెప్పేసింది. భద్రతా సవరణలు కొంతకాలం వస్తాయి, కొత్తవి రావు. కంపెనీ తెరిచిన తలుపు వాటికి చాలదు, స్వచ్ఛంద ప్రోగ్రామర్లకి ముద్ర దొరకదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

పేటెంటు అనే ఇంకో గోడ

డ్రైవర్ తెరిచి ఉన్నా ఒక్కోసారి పని జరగదు. ఆటల్లో బొమ్మల సైజు తగ్గించే ఎస్3టీసీ అనే పద్ధతి మీద పేటెంటు ఉండేది. అది 2017 అక్టోబరులో తీరేదాకా లినక్స్ ఓపెన్ డ్రైవర్లు ఆ సదుపాయాన్ని తమతో కలిపి ఇవ్వలేకపోయాయి. 2022లో ఫెడోరా అనే లినక్స్ పంపిణీ, హెచ్.264, హెచ్.265 వీడియోలని గ్రాఫిక్స్ చిప్పుతో ఆడించే ఏర్పాటుని పేటెంటు భయంతో తన డ్రైవర్ల నుంచి తీసేసింది. మనింట్లో జరిగేది ఏమిటంటే, చిప్పు చేయాల్సిన పని ప్రాసెసర్ మీద పడి, సినిమా సగంలో ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్యాను రొద పెడుతుంది.

2024 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా విడ్డూరం. టీవీలకి కలిపే హెచ్‌డీఎంఐ 2.1 సదుపాయాలని ఓపెన్ డ్రైవర్‌లో పెడతామని ఏఎండీయే స్వయంగా అడిగితే, ఆ ప్రమాణాన్ని నడిపే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. కోడ్ సిద్ధంగా ఉంది, కార్డు సిద్ధంగా ఉంది, అనుమతి లేదు.

ఇక్కడ మన దేశపు చట్టం గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి. భారత పేటెంట్ల చట్టం 3(కె) సెక్షన్ ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాముకి, అది ప్రోగ్రాము అయినంత మాత్రాన పేటెంటు ఇవ్వరు. 2004 చివర్లో వచ్చిన ఆర్డినెన్సు ఈ కట్టుని సడలించబోయింది. 2005లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంలో ఆ మార్పు లేకుండా పోయింది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో కూడా ఒక వెసులుబాటు ఉంది. ఒక ప్రోగ్రాముతో మనం విడిగా రాసిన ప్రోగ్రాము కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం మామూలుగా దొరక్కపోతే, దాన్ని రాబట్టుకోవడం తప్పు కాదు. ఇంజనీరింగ్ చదివే మీ పిల్లలకి ఈ మాట చెప్పండి. చూసి నేర్చుకోవడం వేరు, దొంగిలించడం వేరు.

రాజంపేట అక్క ల్యాప్‌టాప్

మా వీధిలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసే రాజంపేట అక్క ఉంది. వాళ్ళ మేడం కొడుకు కొత్తది కొనుక్కుని, తన పాత గేమింగ్ ల్యాప్‌టాప్ ఆమెకి ఇచ్చేశాడు. ఊళ్ళో ఆమె కూతురు డిప్లొమా చదువుతోంది. సెలవు మీద వెళ్తూ తీసుకెళ్ళాలని ఆమె ఆశ. హవల్లీలో ఒక షాపులో చూపిస్తే, విండోస్ 11 ఎక్కదు, పారేసి కొత్తది తీసుకోమన్నారట. కొత్తదంటే ఆమెకి రెండు నెలల జీతం.

"ఏం మా, ఇది మా పాపకు పనికొస్తాదా రాదా? ఉన్నమాట చెప్పు" అంది.

ఉన్నమాటే చెప్పాను. ఆ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులున్నాయి. ఒకటి ప్రాసెసర్‌తో పాటు వచ్చే మామూలుది, దానికి ఓపెన్ డ్రైవర్ ఉంది. రెండోది ఆటల కోసం పెట్టిన ఖరీదైన కార్డు. దాని కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, కొత్త డ్రైవర్లు ఇవ్వడం మాత్రం ఆపేసింది. లినక్స్ మింట్ వేసి, మామూలు చిప్పుతో నడిపి చూశాను. వైఫై, కెమెరా, తెలుగు, ప్రోగ్రాములు రాసుకునే సరంజామా అన్నీ వచ్చాయి. ఖరీదైన కార్డుని నిద్రపుచ్చితే బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలిచింది.

"అక్కా, చదువుకి ఢోకా లేదు. కానీ ఈ పెద్ద కార్డు బలం మీ పాపకి ఎక్కువకాలం అందదు. ఏఐ లాంటివి దీని మీద నేర్చుకోవాలంటే ఆ కంపెనీ మూసిన సాఫ్ట్‌వేరే కావాలి. టీవీకి కలిపే సాకెట్టు కూడా ఆ కార్డుకే ఉంది, దాన్ని నమ్ముకోవద్దు" అన్నాను.

"ఆటలాడేదానికి కాదు గదమ్మా, సదువుకునేదానికి సాలు" అని చీరల మధ్య పెట్టి సర్దుకుంది. దాన్ని సూట్‌కేసులో వేయొద్దు, చేతిసంచిలో పెట్టుకోమని చెప్పి పంపాను.

ఆ పిల్లకి ల్యాప్‌టాప్ దొరికింది, సంతోషమే. అయినా ఆ యంత్రం ఖరీదులో పెద్ద వాటా ఆ కార్డుదే. చెడిపోని కార్డు, పట్టిక దాచినందువల్ల పక్కన కూర్చుంది. కొత్తది కొనుక్కోగలిగే ఇంట్లో అది చిన్న చిరాకు. అక్క కూతురికి మాత్రం నేర్చుకోగలిగిన ఒక విద్య దూరమైంది.

పారేసేముందు, కొనేముందు

మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను.

1. ముందు ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి తీసి భద్రం చేయండి.

2. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ అనే చోట జీపీయూ 0, జీపీయూ 1 పక్కన ఏ పేర్లున్నాయో రాసుకోండి. ఇంటెల్ లేదా ఏఎండీ ఒక్కటే ఉంటే నిశ్చింతగా ముందుకెళ్ళండి.

3. ఎన్విడియా ఉంటే సిరీస్ చూడండి. జీటీఎక్స్ 16 సిరీస్, ఆర్‌టీఎక్స్ కార్డులకి తెరిచిన కెర్నల్ భాగం పనిచేస్తుంది. 900, 1000 సిరీస్‌లకి 580 వరుస డ్రైవరే దిక్కు. అలాంటివాటికి కెర్నల్ తొందరగా మారిపోయే లినక్స్ కాకుండా, దీర్ఘకాల మద్దతున్న మింట్, ఉబుంటు లాంటివి మేలు.

4. ఏదీ చెరపకుండానే లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ఒక పూటంతా వాడండి. తెర, వైఫై, శబ్దం, నిద్రలోకి వెళ్ళి లేవడం చూసుకున్నాకే ఎక్కించండి.

5. మూసిన డ్రైవర్ వేసేటప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీస్టార్ట్ చేయగానే నీలం తెర మీద అదే అడుగుతుంది. కంగారుపడకండి, ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి.

6. కొత్తది కొంటుంటే, "లినక్స్‌లో దీని గ్రాఫిక్స్‌కి ఓపెన్ డ్రైవర్ ఉందా?" అని షాపులో అడగండి. జవాబు తెలియకపోయినా అడగండి. పదిమంది అడిగితే పదకొండో మనిషికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

పిల్లలు పట్టుబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలన్నప్పుడు ధర, రంగు, లైట్లు మాత్రమే చూడకండి. ఆ కార్డుకి కంపెనీ ఎన్నేళ్ళు డ్రైవర్లు ఇస్తుంది, ఆపేశాక ఎవరైనా ఇవ్వగలరా అన్నవి కూడా చూడండి. ఫ్రిజ్ కొనేటప్పుడు సర్వీసు దొరుకుతుందా అని నాలుగు షాపులు తిరిగే మనకి ఇది పెద్ద పనేమీ కాదు. ఈలోగా అటక మీదున్నదాన్ని ఒకసారి కిందకి దించి, దుమ్ము దులిపి, ఆ జీపీయూ పేరు చూడండి.